స్లాబు పడకముందే చట్టానికి బలం: వరంగల్‌లో బల్దియా నిబంధనలు నడిచే తీరు

పెద్ద వాన పడి హంటర్ రోడ్డు పక్క కాలనీల్లోకి నీళ్లు వచ్చాయంటే చాలు, వరంగల్‌లో అందరి నోటా ఒకటే మాట: "నాలా మీద ఇండ్లు కడుతుంటే బల్దియావాళ్లు ఏం చేస్తున్నరు?" బల్దియా అంటే మన మున్సిపల్ కార్పొరేషన్, నాలా అంటే వాననీళ్లు పోయే కాలువ. కోపం న్యాయమైనదే. కానీ అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. అక్కడ కట్టకూడదని అసలు ఎక్కడ రాసి ఉంది? రాసి ఉంటే మరి ఎందుకు ఆపలేదు? మొదటిదానికి జవాబు చాలామంది అనుకునేదానికంటే సూటిగా, మీటర్ల లెక్కన దొరుకుతుంది. చిక్కంతా రెండోదానిలోనే. నాకు అర్థమైనంతవరకు ఆ చిక్కుముడి ఒక్క చోట విప్పుకోవాలి: తప్పు ఏ దశలో దొరికింది? పిల్లర్ల గుంతలు తవ్వుతున్నప్పుడు ఒక కింది స్థాయి ఉద్యోగి వచ్చి పని ఆపించగలడు. స్లాబు పడ్డాక అదే పనికి కమిషనర్ సంతకం, పోలీసు బందోబస్తు కావాలి. గృహప్రవేశం అయ్యాక హైకోర్టు దాకా పోవాల్సి రావచ్చు. రూలు మారలేదు, దాని బలం మారింది.

రూలు ఎక్కడ పుడుతుంది

"మున్సిపల్ రూల్స్" అని మనం అన్నిటినీ ఒక గాటన కడతాం గానీ, అవి ఒక్క చోట తయారయ్యేవి కావు. అన్నిటికీ పైన రాష్ట్ర చట్టం ఉంటుంది. హైదరాబాద్ కార్పొరేషన్‌కు 1955 నాటి చట్టం వేరే ఉంది. వరంగల్‌తో సహా రాష్ట్రంలోని మిగతా పట్టణాలకు వర్తించేది తెలంగాణ మున్సిపాలిటీల చట్టం, 2019. ఈ తేడా చిన్నదేం కాదు. యూట్యూబ్‌లో హైదరాబాద్ వకీలు చెప్పిన సెక్షన్ నంబరు రాసుకొచ్చి ఇక్కడ అర్జీ పెడితే, "ఈ సెక్షన్ మనకు వర్తించదు" అని అక్కడికక్కడే పక్కన పెట్టడానికి వీలు చిక్కుతుంది. చెరువులు, నాలాల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంగతీ అంతే. దానికి ఫిర్యాదు చేస్తామని బెదిరించేవాళ్లు ఇక్కడా తగులుతుంటారు. 2024లో పెట్టిన ఆ సంస్థ పరిధి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరే ఆగిపోతుంది.

చట్టం కింద ప్రభుత్వం జీవోల రూపంలో ఇచ్చే నియమాలు ఉంటాయి. ఇండ్ల విషయంలో ముఖ్యమైనది ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168. సవరణలు చాలా జరిగినా సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా), ఎత్తులు, చెరువుల దూరాలు ఇప్పటికీ దాని చుట్టే తిరుగుతున్నాయి. దాని పక్కన మాస్టర్ ప్లాన్: ఏ సర్వే నంబరు నివాసానికి, ఏది వ్యాపారానికి, ఏది పచ్చదనానికి అని చెప్పే పటం. అది కుడా, అంటే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ పని. 1971 నాటి ప్లానుతోనే దశాబ్దాలు నెట్టుకొచ్చిన నగరం మనది. 2041 వరకు ఉద్దేశించిన కొత్త ప్లానుకు 2024 చివర్లో గానీ ప్రభుత్వ ఆమోదం రాలేదు.

అన్నిటికంటే కింద ఉండేవే అసలైన బైలాలు, అంటే కార్పొరేషన్ తన నగరం కోసం తాను చేసుకునేవి. చెత్తకు యూజర్ చార్జీ ఎంత, రోడ్డు మీద పారేస్తే జరిమానా ఎంత లాంటివన్నీ వీటిలోకి వస్తాయి. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నియమాలు ప్రతి పట్టణ సంస్థా ఏడాదిలోగా ఇలాంటి బైలాలు చేసుకోవాలని చెప్పాయి. బైలా ఎప్పుడూ పై చట్టానికి లోబడే ఉండాలి. చట్టం కాదన్నదాన్ని కౌన్సిల్ తీర్మానం ఔననలేదు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. మన కార్పొరేషన్‌లో 66 డివిజన్లు. డివిజన్‌కొక కార్పొరేటర్. వీళ్లంతా కూర్చుని తీర్మానాలు చేస్తారు; అమలు చేసేది కమిషనర్, ఆయన కింది సిబ్బంది. ఇల్లు కట్టుకోవడానికి అనుమతిచ్చే అధికారం గానీ, కూల్చకుండా ఆపే అధికారం గానీ కార్పొరేటర్‌కు చట్టంలో లేదు. "కార్పొరేటరే కట్టుకొమ్మన్నడు" అన్న మాట నోటీసుకు జవాబుగా పనికిరాదు. బయట ఆ మాటకు ఎంత విలువుందో మనందరికీ తెలుసు, అది వేరే కథ.

30×60 ప్లాటు లెక్క

నిబంధన ఎలా ఉంటుందో ఒక ప్లాటు మీద పెట్టి చూద్దాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. అంటే 200 గజాలు, సుమారు 167 చదరపు మీటర్లు. ముందు 30 అడుగుల రోడ్డు. హన్మకొండ, కాజీపేట కాలనీల్లో ఇలాంటి ప్లాట్లు కోకొల్లలు.

జీవో 168 పట్టిక ప్రకారం ఈ ప్లాటులో 10 మీటర్ల ఎత్తు దాకా కట్టుకోవచ్చు. అంటే గ్రౌండ్ ఫ్లోర్, దానిపై రెండంతస్తులు. రోడ్డు వైపు 1.5 మీటర్లు, మన లెక్కలో ఐదడుగులకు అంగుళం తక్కువ, వదలాలి. మిగతా మూడు వైపులా మీటరు చొప్పున, అంటే మూడడుగుల మూడంగుళాలు. ఇప్పుడు వెడల్పు చూడండి. 30 అడుగుల్లో రెండు పక్కలా మీటరు చొప్పున పోతే గదులకు మిగిలేది 23 అడుగుల చిల్లర. గోడల మందం తీస్తే ఇంకా తక్కువ. హాలు పక్కన బెడ్‌రూమ్, దానికి అటాచ్డ్ బాత్‌రూమ్ అనుకున్న కుటుంబానికి అక్కడే గుండె గుభేలుమంటుంది.

తప్పు అక్కడే మొదలవుతుంది, అదీ మన పద్ధతిలోనే. వాస్తు ప్రకారం తూర్పు, ఉత్తరాల వైపు ఎక్కువ జాగా వదలాలంటారు, పడమర, దక్షిణాలు తక్కువైనా ఫర్వాలేదంటారు. దాంతో తూర్పున ఏడడుగులు వదిలేసి, పడమటి గోడను సరిగ్గా హద్దు మీద లేపుతారు. "మొత్తం మీద వదలాల్సినదానికంటే తక్కువేం వదల్లేదు కదా" అన్నది ఇంటాయన వాదన. రూలు మొత్తం లెక్క చూడదు. ఏ వైపు దూరం ఆ వైపే కొలుస్తుంది, ఎందుకంటే ఆ మీటరు గాలి వెలుతురుల కోసం, నిప్పు అంటుకుంటే మనిషి తప్పుకుని బయటపడడం కోసం. పక్కింటాయన కూడా తన పడమర అలాగే కట్టుకుంటూ పోతే వీధి పొడవునా ఇండ్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

కొంచెం తేడా వస్తే మరి? దానికీ లెక్క ఉంది. ముందువైపు తప్ప మిగతా వైపుల్లో సెట్‌బ్యాక్ ఉల్లంఘన 10 శాతం మించకపోతే, హైరైజ్ కాని భవనాలకు కమిషనర్ అపరాధ రుసుము వేసి సర్దుబాటు చేయవచ్చు. ఆ రుసుము ఉల్లంఘించిన మేరకు రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలోని భూమి విలువకు నూటికి నూరు శాతం. మన ప్లాటులో వదలాల్సింది మీటరు కాబట్టి 10 శాతమంటే 10 సెంటీమీటర్లు. నాలుగంగుళాలు! మేస్త్రీ చేతి తప్పుకు, ప్లాస్టరింగ్ మందానికి ఇచ్చిన వెసులుబాటు అది. గది పెంచుకోవడానికి ఇచ్చింది కాదు. ఇక రెండో అంతస్తు మీద లేచే రేకుల షెడ్డు, దానికి గోడలొచ్చి అయ్యే పెంట్‌హౌస్ ఈ సర్దుబాటు కిందికి అసలు రావు.

అనుమతి పద్ధతి 2020 నవంబరులో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ వేదికతో పూర్తిగా మారింది. 75 గజాల లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు దాకా అయితే అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు దాకా ఇంటాయన స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి. అది దాటితే 21 రోజుల్లో సింగిల్ విండో. ఆ తర్వాత బిల్డ్‌నౌ పేరుతో కొత్త వేదిక వచ్చింది, స్వీయ ధ్రువీకరణ అన్న ఆలోచన మాత్రం అదే.

జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఆన్‌లైన్‌లో వెంటనే వచ్చిన అనుమతిని చూసి, "ఆఫీసోళ్లే చూసి ఇచ్చిన్రు" అనుకుంటారు. చూడలేదు. మీరు చెప్పింది నమ్మి ఇచ్చారు. పాత పద్ధతిలో ఓవర్సీర్ ముందు వచ్చి చూసి, నెలలు తిప్పి, చేయి తడిపించుకుని సంతకం పెట్టేవాడని అందరూ తిట్టుకున్నారు. కొత్త పద్ధతి ఆ తిప్పట తప్పించింది, దాంతోపాటు బాధ్యతను కూడా ఆఫీసు బల్ల మీంచి తీసి మీ భుజం మీద పెట్టింది. తర్వాత జరిగే తనిఖీలో స్థలం చెరువులోదనో, రోడ్డు కొలత తప్పు చెప్పారనో తేలితే అనుమతి రద్దవుతుంది, నోటీసు లేకుండానే కూల్చవచ్చని కూడా టీఎస్ బీపాస్ చట్టంలో రాశారు. ఈ "నోటీసు లేకుండా" అన్నదానికి తర్వాత సుప్రీంకోర్టు కళ్లెం వేసింది, ఆ సంగతికి వస్తాను.

టౌన్‌ప్లానింగ్‌లో వార్డు స్థాయి నుంచి పైకి చూస్తే బిల్డింగ్ ఓవర్సీర్, సూపర్‌వైజర్, అసిస్టెంట్ సిటీ ప్లానర్, సిటీ ప్లానర్, చివరికి కమిషనర్. గల్లీల్లో తిరిగి చూసేది మొదటి ఇద్దరే. వరుస సెలవులు చూసుకుని, పండుగ ముందు రోజు రాత్రి లైట్లు పెట్టి స్లాబు పోసేవాళ్లు ఎందుకలా పోస్తారో ఇప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

నీటి హద్దుకు ముగ్గురు యజమానులు

వరంగల్ కాకతీయుల గొలుసుకట్టు చెరువుల మీద పెరిగిన ఊరు. ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువులోకి నీళ్లు పోవాలి. ఆ దారే నాలా. 2020 ఆగస్టులో నయీంనగర్, సమ్మయ్యనగర్ వైపు, 2023 జులైలో హంటర్ రోడ్డు, బొందివాగు వైపు కాలనీలు మునిగితే మనం వరద అన్నాం. నీళ్లు మాత్రం పాత దారినే వెతుక్కున్నాయి.

నీటి దగ్గర ఎంత దూరం (దీన్నే బఫర్ అంటారు) వదలాలో జీవో 168 వివరంగానే చెప్పింది. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అదే ఎఫ్‌టీఎల్. అంతకంటే చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు, నాలాకు 9 మీటర్లు. అంతకంటే సన్న నాలాకు 2 మీటర్లు.

మరి హద్దు ఎవరు గీస్తారు? చిక్కంతా అక్కడ. ఎఫ్‌టీఎల్ తేల్చాల్సింది నీటిపారుదల శాఖ ఇంజినీర్లు. అది ఏ సర్వే నంబరులో, ఎవరి పట్టా మీదుగా పోతుందో కొలిచి చెప్పాల్సింది రెవెన్యూ సర్వేయర్. ఆ రెండు కాగితాలు చేతిలో ఉంటేనే బల్దియా "మీ ఇల్లు బఫర్‌లో ఉంది" అని రాయగలదు. ఒక్క శాఖ కాగితం లేకపోయినా ఇంటాయన వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే: "హద్దు నోటిఫై చేశారా? ఎప్పుడు?" మనకు బల్దియా నిర్లక్ష్యంగా కనిపించేదానిలో కొంత నిజంగా నిర్లక్ష్యం, కొంత ఈ మూడు ఆఫీసుల మధ్య ఇరుక్కున్న ఫైలు. ఏది ఎంత అన్నది ఫైలు తెరిస్తే గానీ తెలియదు.

కొనేవాళ్లు మోసపోయేది కూడా ఈ సందులోనే. ఎండాకాలంలో చెరువు వెనక్కి పోతుంది. నేల గట్టిగా, చదునుగా కనిపిస్తుంది. అమ్మేవాడు శిఖం (చెరువు లోపలి భూమి) పట్టా చూపిస్తాడు. ఆ పట్టా అబద్ధం కాకపోవచ్చు కూడా. శిఖం భూముల్లో కొన్నిటికి పట్టాలుంటాయి, నీళ్లు తీసినప్పుడు సాగు చేసుకునేందుకు. ఇల్లు కట్టుకునే హక్కు దాంతో రాదు. మొరం పోసి రెండడుగులు ఎత్తు పెంచినంత మాత్రాన అది చెరువు కాకుండా పోదు.

ఇంటి నంబరు, కరెంటు మీటరు, నల్లా కనెక్షన్, పన్ను రశీదు ఉంటే సరిపోతుందన్నది ఇంకో గట్టి నమ్మకం. అనుమతి లేని ఇంటికి కూడా ఆస్తిపన్ను వేస్తారు, పైగా పూర్తిగా అక్రమమైతే అసలు పన్నుకు సమానంగా ఇంకో నూరు శాతం జరిమానా కలిపి వేస్తారు. "పన్ను తీసుకుని మళ్లీ అక్రమం అంటరా?" అని జనం అడిగేదానిలో న్యాయం లేకపోలేదు. చట్టం మాత్రం ఆ రెంటినీ ముడిపెట్టదు. పన్ను కట్టినందువల్ల కట్టడం సక్రమం కాదు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాను ప్రకారమే కట్టారని ఇచ్చే కాగితం) చూశాకే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలని, బ్యాంకులు కూడా ఆ కాగితం చూశాకే లోన్ ఇవ్వాలని చెప్పింది. ఇది గట్టిగా అమలైతే గల్లీలో ఓవర్సీర్ చేయలేని పని బ్యాంకు మేనేజర్, కరెంటు ఆఫీసు చేసేస్తాయి.

ఖిలా వరంగల్‌లో, వేయిస్తంభాల గుడి చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఇవేవీ సరిపోవు. అక్కడ పురాతన కట్టడాలను కాపాడే కేంద్ర చట్టం కూడా ఉంది. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. పాత ఇంటి పైకప్పు మార్చుకోవాలన్నా వేరే అనుమతి తెచ్చుకోవాలి. తరతరాలుగా కోటలో ఉంటున్న కుటుంబాలకు ఇది నిజంగా కష్టం. ఆ కష్టాన్ని తీర్చే అధికారం బల్దియాకు లేదన్నది కూడా నిజం.

గేటుకు అంటించిన కాగితం

ఇక నోటీసు. ఇనుప గేటుకు మైదాపిండితో అంటించి పోతారు. వానకు సగం ఊడి వేలాడుతుంటుంది. అచ్చు వేసిన ఫారంలో ఖాళీలు పెన్నుతో నింపి ఉంటాయి: ఇంటి నంబరు, ఉల్లంఘన, తేదీ. దాన్ని చూసి చాలామంది చేసేవి రెండే: చింపి పారేయడం, లేదా తెలిసిన నాయకుడి దగ్గరికి ఉరకడం. మొదట చేయాల్సింది చదవడం. ఏ చట్టం కింద ఇచ్చారు, ఏ ఉల్లంఘన అన్నారు, జవాబుకు ఎన్ని రోజులిచ్చారు, కింద ఎవరి సంతకం ఉంది. ఈ నాలుగింటిలో ఏది సరిగా లేకున్నా తర్వాత అది కోర్టులో పనికొస్తుంది. అది ఇంటాయనకే కాదు, అక్రమాన్ని ఆపాలనుకునే పక్కింటాయనకు కూడా తెలియాలి, ఎందుకంటే తప్పుల నోటీసు అక్రమ కట్టడానికి దొరికే మొదటి రక్షణ.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశమంతటికీ ఇచ్చిన తీర్పుతో ఈ కాగితానికి ఒక పద్ధతి వచ్చింది. ముందుగా నోటీసు ఇవ్వకుండా కూల్చకూడదు. జవాబుకు స్థానిక చట్టం ఇచ్చే గడువు లేదా 15 రోజులు, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, కట్టడం మీద కూడా అంటించాలి. ఇంటాయన చెప్పేది విని, ఎందుకు కూల్చక తప్పదో కారణాలతో తుది ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు తర్వాత ఇంకో 15 రోజులు ఆగాలి, ఆలోపు యజమాని తానే తీసేసుకోవచ్చు, అప్పీలుకైనా పోవచ్చు. కూల్చేటప్పుడు వీడియో తీయాలి. పద్ధతి తప్పితే అధికారి సొంత ఖర్చుతో కట్టివ్వాల్సి రావచ్చు.

ఆ తీర్పులో నాకు బాగా నచ్చిన చిన్న ఏర్పాటు ఒకటుంది. నోటీసు ఇవ్వగానే ఆ సంగతి కలెక్టర్ ఆఫీసుకు ఈమెయిల్ వెళ్లాలి, అక్కడి నుంచి అందినట్టు జవాబు రావాలి. ఎందుకంటే వెనక తేదీ వేసి నోటీసు తయారు చేసే అలవాటు కోర్టుకు కూడా తెలుసు! కాగితం మీద తేదీని పెన్ను మార్చగలదు, ఈమెయిల్ తేదీని మార్చలేదు.

కానీ ఈ రక్షణ అందరికీ లేదు. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్ లాంటి బహిరంగ స్థలాల్లో, రైలు పట్టాల పక్కన, నది లేదా నీటి వనరుల మీద అక్రమంగా కట్టినవాటికి, కోర్టే కూల్చమన్నవాటికి ఈ ఆదేశాలు వర్తించవని అదే తీర్పు చెప్పింది. కాబట్టి మన 30×60 ప్లాటులో పడమటి గోడ హద్దు మీద లేపినాయనకు 15 రోజుల గడువు ఉంటుంది. నాలాలోకి పిల్లర్ దింపినాయన దాన్ని అడగలేడు.

నోటీసు తర్వాత ఫైళ్లు ఎక్కడ ఆగుతాయి? కొన్ని జవాబు దగ్గర: "కాగితాలు వెతుకుతున్నం, నెల టైం ఇవ్వండి" అని రాసిస్తారు, ఆ నెలలో ఇంకో స్లాబు పడుతుంది. కొన్ని హైకోర్టు స్టేటస్ కో దగ్గర. కోర్టు ఉన్నది ఉన్నట్టు ఉంచమంటే అధికారి కూల్చకూడదు, యజమాని కట్టకూడదు కూడా. రెండో సగం అందరికీ మరుపుకొస్తుంది. కొన్ని ఫోన్ దగ్గర ఆగుతాయి, వాటికి కాగితం ఉండదు.

స్కీము కోసం ఎదురుచూపు

ఇంకో కారణం అన్నిటికంటే పెద్దదని నా అభిప్రాయం. 2007 డిసెంబరు 31న ఉమ్మడి రాష్ట్రంలో బీపీఎస్ (బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్) వచ్చింది: డబ్బు కట్టండి, అక్రమ కట్టడం క్రమబద్ధం చేస్తాం అని. ఇదొక్కసారే అన్నారు. 2015లో బీఆర్ఎస్ (బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) పేరుతో మళ్లీ వచ్చింది, హైకోర్టులో చిక్కుకుంది. 2020 ఆగస్టులో ప్లాట్లకు ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ రెగ్యులరైజేషన్ స్కీమ్) వచ్చింది. వెయ్యి రూపాయలు కట్టి లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నారు, ఏళ్లు గడిచాయి. 2025లో తొందరగా కట్టినవాళ్లకు ఫీజులో 25 శాతం రాయితీ ఇచ్చి, గడువు పెంచారు. ఇదంతా చూసిన మనిషి ఏం నేర్చుకుంటాడు? రూలు ప్రకారం సెట్‌బ్యాక్ వదిలినాయన గది పోగొట్టుకున్నాడు. వదలనాయన గది కట్టుకుని అద్దెకిచ్చి, స్కీము వచ్చినప్పుడు చూసుకుందామనుకున్నాడు. నోటీసు ఇచ్చే అధికారి కూడా, "రేపు ఎట్లాగూ రెగ్యులరైజ్ అయితది" అనుకుంటే ఎవర్ని ఏమనగలం?

అయితే ఈ స్కీముల్లోనూ ఒక గీత ఉంది. ఎఫ్‌టీఎల్‌లో, శిఖంలో, లేఅవుట్ ఖాళీ స్థలంలో ఉన్నవాటిని ఎల్ఆర్ఎస్ క్రమబద్ధం చేయదు. దరఖాస్తు ఫీజు కట్టించుకున్న రశీదు ఉన్నా సరే. ఆ రశీదు చూపించి చెరువు ప్లాటు అమ్మేవాళ్లతో జాగ్రత్త.

బండికి గంట, బిల్డింగ్‌కు ఏండ్లు

కట్టడాల దగ్గర ఇంత నెమ్మదిగా నడిచే అమలు, హన్మకొండ చౌరస్తాలోనో ఎంజీఎం ఆసుపత్రి ఎదుటో మిర్చి బండి దగ్గర ఎందుకంత చురుగ్గా ఉంటుంది? చట్టం చూస్తే బండి మనిషికి రక్షణ ఎక్కువే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవర్నీ తొలగించకూడదు. ఆ తర్వాత కూడా వేరే చోటికి పంపాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి. కానీ బండికి చక్రాలున్నాయి, దాన్ని ట్రాక్టర్‌లో ఎక్కించడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, సాయంత్రానికి ఫొటో కూడా వస్తుంది. అందుకే నిబంధనల అమలు అనగానే మనకు కనిపించేది ఎక్కువగా బండ్లే.

చెత్త, ప్లాస్టిక్ కథ ఇంకోలా ఉంటుంది. 2022 డిసెంబరు 31 నుంచి క్యారీ బ్యాగ్ మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు. కంటికి చూస్తే 75 ఏదో 120 ఏదో ఎవరికీ తెలియదు, పరికరం లేకుండా వెళ్లిన తనిఖీ వాదులాటతో ముగుస్తుంది. రాత్రి డీజే మోత గురించి బల్దియాకు ఫోన్ చేసేవాళ్లున్నారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు ఆపించాల్సింది పోలీసులు, 100కో 112కో చేయాలి.

ఫిర్యాదు ఎప్పుడు, ఎక్కడ

మీ పక్క ప్లాటులో పని మొదలైంది, కొలతలు తేడాగా ఉన్నాయని అనుమానం వచ్చింది. మొదట అనుమతి నంబరు అడగండి, సైట్ దగ్గర బోర్డు మీద ఉండాలి. బోర్డే లేదంటే అది కూడా ఫిర్యాదులో రాయవలసిన సంగతే. టేపు పెట్టి మీ గోడ నుంచి వాళ్ల పిల్లర్ దాకా దూరం కనిపించేలా, తేదీ పడేలా ఫొటో తీయండి. "అక్రమంగా కడుతున్నారు" అని రాసిన అర్జీ కంటే "పడమర వైపు మీటరు వదలాల్సిన చోట అరడుగే ఉంది, ఇంకా స్లాబు పడలేదు" అని రాసిన అర్జీకి బరువెక్కువ. చివరి మూడు మాటలు తప్పకుండా రాయండి. తర్వాత "మేం చూసేసరికే కట్టేశారు" అని ఎవరూ అనలేరు.

అర్జీ బల్దియాలో ఇచ్చి, రశీదు నంబరు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం ప్రజావాణిలో కలెక్టరేట్‌కు వెళ్లొచ్చు. ఇక్కడ మన ఊరికి ప్రత్యేకమైన తికమక ఒకటుంది. కార్పొరేషన్ ఒక్కటే గానీ 2021 నుంచి నగరం హనుమకొండ, వరంగల్ అనే రెండు జిల్లాల్లో ఉంది. కాజీపేట, హన్మకొండ వైపు అయితే హనుమకొండ కలెక్టర్. ఖిలా వరంగల్, వరంగల్ స్టేషన్ వైపు అయితే వరంగల్ కలెక్టర్. తప్పు చోట ఇస్తే అది అటు నుంచి ఇటు రావడానికే రోజులు పడుతుంది, పక్కన సెంట్రింగ్ కర్రలు దిగడానికి అన్ని రోజులు పట్టదు.

సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి, పది రూపాయలే. మంజూరైన ప్లాను నకలు, తనిఖీకి వచ్చిన తేదీ, నోటీసు ఇచ్చారా, జవాబు వచ్చిందా, తుది ఉత్తర్వు ఇచ్చారా అని విడివిడిగా అడగాలి. "చర్యలు తీసుకున్నారా" అని ఒక్క ముక్కలో అడిగితే "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్క జవాబే వస్తుంది. దీనికి గడువు 30 రోజులు కాబట్టి పని ఆపించడానికి ఇది పనికిరాదు. ఆపించాల్సింది ఫిర్యాదే. ఈ కాగితం తర్వాతి మెట్టు కోసం. ఏ తేదీన ఎవరికి తెలిసిందో, తెలిశాక ఏం చేశారో దాంతో రికార్డులోకి ఎక్కుతుంది, రేపు హైకోర్టులో రిట్ వేసినా వకీలు మొదట అడిగేది ఆ తేదీలే.